నొక్కు, వదులు, పట్టు

నేను పిరికిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే అరికాళ్ళు జిల్లుమంటాయి. లిఫ్టు తలుపు మూసుకునే లోపల ఇద్దరు ముగ్గురు దేవుళ్ళకు మొక్కుకుంటాను. అలాంటి దాన్ని, నా అక్క కూతురి చేతికి హెలికాప్టర్‌ను సముద్రంలో పడేసే అలవాటు ఒకటి దగ్గరుండి నేర్పాను. తెలియక చేశాను. తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

మాది మద్రాసు చూలైలో స్ప్రింగుల వర్క్‌షాపు. కింద మెషిన్లు, పైన ఇల్లు. మామగారు పెట్టింది. మా ఇంటాయన తీగ కొలిచి కోసి ఇస్తే చుట్టేది నేను. తాళాలకు, కుట్టుమిషన్లకు, బస్సు తలుపులకు, దేనికి కావాలంటే దానికి. చుట్టిన స్ప్రింగును ఊరికే అమ్మకూడదు. ఓవెన్‌లో పెట్టి కాసేపు వేడి చూపించాలి. దాన్ని మేం సెట్టు చెయ్యడం అంటాం. సెట్టు కాని స్ప్రింగు నాలుగు రోజులకే సాగిపోతుంది. సెట్టయిన స్ప్రింగు మరిచిపోదు. ఎంత లాగినా, ఎన్నిసార్లు లాగినా, తన చోటికి తాను వస్తుంది. నా స్ప్రింగులు అలా వస్తాయని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఐదారేళ్ళ కిందట మైలాపూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. హెలికాప్టర్లు రిపేరు చేసే ఉద్యోగంలో తల నెరిసి రిటైరైన మనిషి. మాలాగే తాతల కాలంలో మద్రాసు చేరిన తెలుగువారు. సంచిలోంచి ఒక జాయ్‌స్టిక్ తీసి బల్ల మీద పెట్టారు. కంప్యూటర్‌లో హెలికాప్టర్ నడిపే ఆటకు వాడేదట అది. ఆట అంటే ఆయనకు కోపం, సిమ్యులేటర్ అనాలి.

"దీని స్ప్రింగు మరీ గట్టిగా ఉండాదమ్మా. మధ్యకు వచ్చేసరికి గుంతలో పడినట్టు పడతా ఉంది. మెత్తగా ఒకటి చుట్టియ్యండి," అన్నారు.

చుట్టి ఇచ్చాను. ఆయన పదిమందికి చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు ఆదివారాలు జాయ్‌స్టిక్కులు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడడం మొదలైంది. నేను కూడా వాటి లోపలి సంగతులు నేర్చుకున్నాను. ఎన్ని విప్పినా లోపల సూత్రం ఒకటే. చెయ్యి వదిలితే స్టిక్కు మధ్యకు రావాలి.

రెండోసారి వచ్చినప్పుడు పెద్దాయన ఒక వింత కోరిక కోరారు. "అసలు నాకు మధ్యే వద్దమ్మా. పెట్టిన చోట ఉండేటట్టు చెయ్యలేరా?"

నేను నవ్వాను. "మధ్యకు రాని స్ప్రింగు చెడిపోయిన స్ప్రింగు సార్," అన్నాను. ఆయనా నవ్వి, ఇంటికి పోయి స్ప్రింగు పీకేసి గ్రీజు పూసుకుని వాడుకున్నారట. ఆ రోజు పెద్ద తెలిసినదానిలా వెటకారం ఆడకుండా, ఎందుకు సార్ అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు.

అక్క కూతురు చిన్న హెలికాప్టర్ నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. నెల్లూరులో అక్క ఏడ్చింది, ఇక్కడ నేను ఏడ్చాను, పిల్ల మాత్రం నవ్వుతూనే ఉంది. తర్వాత ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. సముద్రం మధ్యలో చమురు బావుల మీద పనిచేసేవాళ్ళను తీసుకెళ్ళి దించే పెద్ద హెలికాప్టర్లు వాళ్ళవి. వాటిమీద శిక్షణ వేరే ఊళ్ళో. అది మొదలయ్యే లోపల రెండు నెలలు ఖాళీ. ఊరికే కూర్చోకుండా చేతికి పెద్ద హెలికాప్టర్ అలవాటు చేసుకుంటానని మా ఇంటికి వచ్చింది. జాయ్‌స్టిక్కుల చిన్నమ్మ ఉన్నది దానికి నేనొక్కదాన్నే కదా.

మేడ మీది గదిలో ఆ పిల్లకు నేనే అన్నీ అమర్చాను. పొడుగాటి స్టిక్కును ముక్కాలిపీటకు బిగించి మోకాళ్ళ మధ్యకు వచ్చేట్టు పెట్టాను. ఎడమచేతి వైపు పైకి కిందికి లాగే పైపు. కాళ్ళ కింద పాత కుట్టుమిషన్ పెడల్‌తో చేసిన తొక్కుడు పలకలు. ఎదురుగా తెర. తెర మీద సముద్రం. ఆ సముద్రం చూడలేక నేను గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

మొదటి వారంలోనే పిల్ల విసుక్కుంది.

"ముందుకు పోవాలంటే స్టిక్కును ముందుకు తోసి అట్నే పట్టుకోని ఉండాల చిన్నమ్మా. అర్ధ గంటకే భుజం పడిపోతా ఉంది."

దానికి మందు ట్రిమ్ము. స్టిక్కు మీద బొటనవేలి దగ్గర చిన్న బటన్ ఉంటుంది. స్టిక్కును ముందుకు తోసి ఆ బటన్ నొక్కితే, అది ఎక్కడుందో సిమ్యులేటర్ గుర్తు పెట్టుకుంటుంది. హెలికాప్టర్ అలాగే ముందుకు పోతుంటుంది. కానీ మన ఇంటి స్టిక్కులో ఉన్నది స్ప్రింగు, అది మధ్యకు తప్ప ఎక్కడికీ రాదు. అందుకని సిమ్యులేటర్ ఒక అర సెకను గడువు ఇస్తుంది. ఆ అర సెకనులో మనం స్టిక్కును మధ్యకు తెచ్చేయాలి. తేకపోతే తోసినదాని మీద ఇంకోసారి తోసినట్టు లెక్క, ముక్కు కిందికి పెట్టి డభాలున దూకుతుంది. మా పిల్ల ప్రతిసారీ ఆలస్యం. తెర మీద హెలికాప్టర్ ప్రతిసారీ దూకుడు.

స్ప్రింగుల దానికి ఏం తోస్తుంది? ఇంకా గట్టి స్ప్రింగు వేశాను. అంతటితో ఊరుకోలేదు. పక్కన నిలబడి నేర్పడం మొదలుపెట్టాను. మెషిన్ మీద పనివాళ్ళకు నేర్పినట్టే, పాటలాగా.

"నొక్కు. వదులు. పట్టు."

నొక్కు అంటే బటన్ నొక్కాలి. వదులు అంటే చేతి బిగి వదిలి, స్ప్రింగుతో పాటు చేతిని మధ్యకు తీసుకురావాలి. మధ్యకు వచ్చాకే బొటనవేలు తియ్యాలి. పట్టు అంటే మళ్ళీ బిగించాలి. పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట. నొక్కు, వదులు, పట్టు. కింద మెషిన్ దగ్గర ఉన్నా మెట్ల మీదుగా అరిచేదాన్ని. మూడు వారాలయ్యేసరికి పిల్ల నాతో కబుర్లు చెబుతూనే ఆ పని చేసేసేది. చెయ్యి దానంతటది వెళ్ళి మధ్యలో కూర్చునేది. "సెట్టయిపోయింది," అని మా ఆయనతో మురిసిపోతూ చెప్పాను. పాపిష్టిదాన్ని, ఆ మాటే అన్నాను.

ఒకరోజు మైలాపూరు పెద్దాయన పెడల్ స్ప్రింగు కోసం వచ్చారు. హెలికాప్టర్ నడిపే అమ్మాయి ఉందంటే సంబరంగా మేడెక్కారు. నేను టీ తీసుకుని వెళ్ళేసరికి ఆయన పిల్ల వెనక నిలబడి ఉన్నారు. ముఖంలో నవ్వు లేదు.

"ఏమ్మా, బటన్ నొక్కినాక చెయ్యి మధ్యకు ఎందుకు తీసకపోతా ఉండావు?"

పిల్ల చెప్పింది. నేను కూడా, అడగకపోయినా, మా అర సెకను సంగతి గొప్పగా చెప్పాను. ఆయన టీ కప్పు తీసుకోలేదు.

"నిజం మిషన్‌లో అట్ల కాదమ్మా. ఆడ బటన్ నొక్కి ఉన్నంతసేపు స్టిక్కుకు ఏ పట్టూ ఉండదు. కావాల్సిన చోటికి జరిపి, బటన్ వదిలేస్తే ఆడనే నిలబడుతుంది. దాని మధ్య ఏదో మనం చెప్పాల, అది చెప్పేది కాదు. నువ్వు బటన్ నొక్కి పట్టుకునే చెయ్యి మధ్యకు తెస్తా ఉండావు. మిషన్ నీ చెయ్యి ఎనకాలే వస్తుంది. ముక్కు పైకి లేస్తుంది, వేగం చచ్చిపోతుంది."

"పక్కన ఇన్‌స్ట్రక్టరు ఉంటాడు కదా సార్," అంది పిల్ల.

"ఎత్తులో ఉంటే ఆయన చెయ్యి అడ్డం పెడతాడు. నీళ్ళకు దగ్గరగా, మబ్బులో అయితే..."

ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసి ఉంటే బాగుండేదేమో. మిగిలింది నేను ఎన్ని రకాలుగా పూర్తి చేసుకున్నానో నాకే తెలియదు. 

పిల్ల మాత్రం తేలిగ్గా తీసుకుంది. ఆయన వెళ్ళాక, "సుమ్మా కవలై పడొద్దు చిన్నమ్మా, దిగులేం లేదు. ఇది వేరే, అది వేరే. నా చెయ్యికి తెలుసు," అంది.

తెలుసా? నాకు నమ్మకం కుదరలేదు. ముప్పై ఏళ్ళుగా చుట్టుడు మెషిన్ పెడల్ తొక్కుతున్న నా కుడికాలు బస్సులో బ్రేకు పడినప్పుడల్లా నేలను తొక్కుతుంది. వద్దన్నా తొక్కుతుంది. చెయ్యికీ కాలికీ ఏం తెలుస్తుంది, మనం ఏది వందసార్లు చేయిస్తే అదే తెలుస్తుంది.

నాలుగో రోజున కళ్ళారా చూశాను. పిల్ల తన తెల్ల యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. ఆవిరి ఇస్త్రీపెట్టె, పిడి మీద బొటనవేలి దగ్గర బటన్ ఉంటుంది. నేను వంటింట్లోంచి, "కాలర్ మీద ఆవిరి నొక్కు," అన్నాను. నొక్కింది. నొక్కి, చేతి బిగి వదిలేసింది. ఇస్త్రీపెట్టె కాలర్ మీద నుంచి జారుతున్నట్టు వెనక్కి వచ్చి చొక్కా నడుమ ఆగింది. ఒకటి లెక్కపెట్టేంత సేపు అలాగే ఉంది. మళ్ళీ పట్టింది.

చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది.

పిల్ల నవ్వబోయింది. నా ముఖం చూసి ఆగింది. తన చెయ్యి వైపు చూసుకుంది. కాలిన వాసన ఇల్లంతా నిండింది. నేను పోయి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాను.

శిక్షణకు ఇంకా పంతొమ్మిది రోజులుంది. పెద్దాయనకు ఫోన్ చేసి, నిజం హెలికాప్టర్‌లో లోపల ఏముంటుందో ఈసారి బుద్ధిగా అడిగాను. స్ప్రింగు ఉంటుందట. కాని ఆ స్ప్రింగు రెండో కొన గట్టిగా బిగించి ఉండదు, కరెంటుతో పట్టుకునే అయస్కాంతం బ్రేకు ఒకటి దాన్ని పట్టుకుని ఉంటుంది. బటన్ నొక్కితే బ్రేకు వదులుతుంది, స్ప్రింగు చెయ్యితో పాటే కదులుతుంది. బటన్ వదిలితే బ్రేకు కొత్తచోట పట్టుకుంటుంది. అంతే. ఇన్నేళ్ళు స్ప్రింగులు చుట్టినదాన్ని, ఒక కొనను వదిలేయొచ్చన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

మర్నాడే నేనూ మా ఆయనా అంబత్తూరు వెళ్ళాం. ప్యాకింగ్ మెషిన్లకు అలాంటి బ్రేకులు చేసే చిన్న యూనిట్ ఒకటి మా ఆయనకు తెలుసు. అక్కడి సూపర్‌వైజరు ఏ మెషిన్‌కు అని అడిగాడు. హెలికాప్టర్‌కు అంటే నన్ను కిందినుంచి మీదికి చూశాడు. అరచేతిలో పట్టేంత బ్రేకులు రెండు ఇచ్చాడు, ఒకటి ముందువెనకలకు, ఒకటి పక్కలకు. నాలుగు రోజులు వేరే పని ముట్టలేదు. కొత్త స్ప్రింగులు మెత్తగా చుట్టి, ఒక కొన స్టిక్కుకు, ఒక కొన బ్రేకుకు తగిలించాను. పెద్దాయన వచ్చి వైర్లు కలిపారు. సిమ్యులేటర్‌లో ఆ అర సెకను గడువు తీసేశారు. బటన్ నొక్కితే టక్కున వదిలింది. వదిలితే టక్కున పట్టుకుంది. స్టిక్కు ముందుకు వంగి అలాగే నిలబడింది. మధ్యకు రాని స్టిక్కు నా చేత్తో నేనే చేశాను. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది కాని, ఇదే సరైనదట.

ఇంక పిల్ల కూర్చుంది. నేను పక్కన నిలబడి కొత్త పాఠం మొదలుపెట్టాను. "నొక్కు. జరుపు. అక్కడే ఉంచి వేలు తియ్యి."

మొదటి పది సార్లలో ఆరు సార్లు చెయ్యి మధ్యకు పోయింది. తెర మీద ముక్కు లేచింది, వేగం పడిపోయింది, తోక కిందికి జారి నీళ్ళు దగ్గరికి వచ్చాయి. తెరంతా నీలం అయ్యాక బొమ్మ ఆగిపోతుంది. ఆ నీలాన్ని ఆ రోజు నేను ఆరు సార్లు చూశాను. గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టాను. మర్నాడు పదికి అయిదు. ఆ మర్నాడు అయిదు. నాలుగు. మళ్ళీ అయిదు. శిక్షణకు పదకొండు రోజులుంది.

అప్పటికి పిల్ల నవ్వడం మానేసింది. సెట్టయిన స్ప్రింగును తిరిగి మామూలు తీగ చెయ్యాలంటే ఎర్రగా కాల్చాలి. కాల్చాక అది దేనికీ పనికిరాదు. ఆ సంగతి నాకు తెలుసు కనుక నా భయం రెండింతలు. పూజగదిలో దీపం పెడుతూ, ఆ పిల్లకు ఈ ఉద్యోగమే పోతే బాగుండునని మొక్కుకున్నాను. అంతలోనే, ఇంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని పొమ్మంటావా అని నన్ను నేనే తిట్టుకుని, ఆ మొక్కు చెల్లదని దేవుడికి చెప్పుకున్నాను. అక్కకు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని రోజూ ఫోన్ తీసేదాన్ని, పెట్టేసేదాన్ని. ఏమని చెప్పను? నీ కూతురికి చావు నేర్పానక్కా అని చెప్పనా?

ఒక మధ్యాహ్నం తాళాలాయన ఆర్డరు కోసం వస్తే నేను కిందికి వెళ్ళాల్సి వచ్చింది. సుద్దముక్క మా ఆయన చేతికిచ్చి, పక్కన కూర్చోమన్నాను. ఆయన మాట్లాడే మనిషి కాదు. గంట తర్వాత మెట్లు దిగి వచ్చి, నా పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై తూర్లు చేసిందే. ఒక్క తూరి కూడా తప్పలా."

ఎగిరి గంతేశాను. పరుగున మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడి, "ఏం మే, వచ్చేసిందంట కదా!" అన్నాను. పిల్ల వేలు ఆ క్షణాన బటన్ మీద ఉంది. నా మాట పూర్తి కాకముందే చెయ్యి మధ్యకు పోయింది. తెర నీలమైపోయింది.

నా వెనకే మెట్లెక్కి వచ్చిన ఆయన సుద్దముక్కతో గోడ మీద గీత పెట్టాడు.

"ఇంగోసారి," అంది పిల్ల మెల్లగా. "నువ్వు ఏదైనా మాట్లాడు చిన్నమ్మా. దీని గురించి వద్దు, వేరే ఏదైనా."

"సాయంత్రం... దోసె పొయ్యనా, ఉప్మా చెయ్యనా?" అన్నాను. పిల్ల చెయ్యి మధ్య వైపు సగం దూరం పోయింది, పళ్ళు బిగించి ఆపుకుంది.

"నీ గొంతు ఇనపడతానే పోతా ఉంది," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ పిల్ల కళ్ళలో భయం చూడడం నాకదే మొదటిసారి. "నేనేం చేసేది చిన్నమ్మా? నేను పంపించలా. అదే పోతా ఉంది."

అవును మరి. ఆ చేతికి నేర్పింది స్ప్రింగు కాదు, నేను. రోజుకు రెండు గంటలు చెవి దగ్గర మోగిన గొంతు. ఇది నిజమో, మేం ముగ్గురం కల్పించుకున్న భ్రమో నాకు ఇప్పటికీ తెలియదు. తేల్చుకుందామని ఇంకో పదిసార్లు చేయించే ధైర్యం మాత్రం లేకపోయింది. చేసిన కొద్దీ ఇంకా నాటుకుంటుందేమోనని భయం.

ఆ సాయంత్రం నుంచి నా నోటికి తాళం వేసుకున్నాను.

పిల్ల మేడ మీద సాధన చేసేటప్పుడు మాత్రమే అని మొదట అనుకున్నాం. తర్వాత అదీ చాలదనిపించింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా మాట్లాడలేదు. కూర కావాలా అని గరిటె ఎత్తి చూపేదాన్ని. నీళ్ళు అని గ్లాసు చూపేదాన్ని. కింద వర్క్‌షాపులో పనివాళ్ళకు చెవిలో చెప్పేదాన్ని, మాట మెట్లెక్కి పైకి పోతుందేమోనని. మా ఆయన రెండు రోజులు చూసి, "ముందే తెలిసుంటే ఇంట్లో ఎప్పుడో ఒక హెలికాప్టర్ పెట్టి ఉందును," అన్నాడు. పిల్ల కిలకిలా నవ్వింది. తిరిగి ఒక మాట అనే వీలు లేక నేను పళ్ళెం ఠంగున పెట్టాను.

గోడ మీద గీతలు తగ్గుతూ వచ్చాయి. పదికి ఒకటి. ఇరవైకి ఒకటి. చివరి నాలుగు రోజులు ఒక్క గీత కూడా లేదు. లెక్క ప్రకారం నా భయం కూడా తగ్గాలి. తగ్గలేదు. పెద్దాయన ఒకరోజు మాటల్లో, పెద్ద హెలికాప్టర్లలో వేగం పడిపోయినా నేల దగ్గరైనా ఒక ఆడగొంతు హెచ్చరిస్తుందని చెప్పారు. ఊరికే చెప్పారు, ఎంత అందమైన ఏర్పాటో చూడమ్మా అన్నట్టు. ఒక కాగితం మీద రాసి పిల్ల ముందు పెట్టాను: ఆ గొంతుకు కూడా చెయ్యి మధ్యకు పోతే?

పిల్ల చదివి నా భుజం మీద చెయ్యేసింది. "అది ఇంగ్లీషులో చెప్తుంది చిన్నమ్మా. నీ మాదిరి తిట్టదు."

నా భయం పోగొట్టడానికే అందని తెలుసు. ఆ కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకోవడం కూడా చూశాను.

వెళ్ళే రోజు సెంట్రల్ స్టేషన్‌కు ముగ్గురం వెళ్ళాం. పిల్ల వంగి కాళ్ళకు దండం పెట్టింది. పిల్లలు కాళ్ళకు దండం పెడితే దీవెన నోటితో చెప్పాలి. మా ఇళ్ళలో అది తప్పకూడదు. నేను తల మీద చెయ్యి పెట్టి, పెదవులు మాత్రం కదిపాను. పక్కన ప్లాట్‌ఫాం బల్ల మీద కూర్చున్నామె నా వైపు జాలిగా చూసి, మా ఆయనతో తమిళంలో, పుట్టుకతోనే మాట రాదా అని అడిగింది. ఆయన లేదని చెప్పలేక, అవునని చెప్పలేక తల ఊపాడు. రైలు కదిలింది. నేను చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. కనీసం జాగ్రత్త అన్న మాట కూడా చెప్పకుండా పంపాను.

శిక్షణలో మొదటి వారాలు పెద్ద సిమ్యులేటర్ మీదేనట. రోజూ సాయంత్రం మెసేజ్ వచ్చేది, ఈ రోజు బాగుంది అని. నేను బొటనవేలు బొమ్మ పంపేదాన్ని. తర్వాత, ఆ బొటనవేలు కూడా బటన్ నొక్కే వేలే కదా అని తోచి, దండం బొమ్మ పంపడం మొదలుపెట్టాను. మా ఆయన దీనికి కూడా నవ్వాడు. నవ్వేవాళ్ళకేం.

సముద్రం మీద మొదటిసారి ఎగిరే రోజు వచ్చింది. పొద్దున్నే ఫోన్ వచ్చింది. తెర మీద పిల్ల పేరు చూడగానే ఫోన్ ఆయన చేతిలో పెట్టి నేను మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయాను. వెనక నుంచి నా మాట దానికి వినపడినా ప్రమాదమే అనిపించింది. మెషిన్ ఆన్ చేసి తీగ పెట్టాను. చుట్లు లెక్క పెట్టుకుంటే మనసు నిలబడుతుందని. పద్నాలుగు చుట్లు ఉండాల్సిన చోట పదహారు చుట్టాను, తీసి పారేశాను. మళ్ళీ చుట్టాను, పన్నెండే వచ్చాయి. ముప్పై ఏళ్ళలో నా చెయ్యి అలా తప్పడం నేను చూడలేదు. చేతిని నమ్మకూడదని అప్పటికే తెలుసు కాని, నా చేతిని కూడా నమ్మకూడదని ఆ రోజే తెలిసింది. పది గంటలైంది, పదకొండైంది. ఒకసారి ఎక్కడో ఆకాశంలో హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. అది పిల్లది కాదని, పిల్ల వందల మైళ్ళ దూరంలో ఉందని తెలిసినా వీధిలోకి పరుగెత్తి తల ఎత్తి చూశాను. ఏమీ కనపడలేదు. పన్నెండైంది. భోజనానికి రమ్మని ఆయన పిలిచాడు, వెళ్ళలేదు. ఇంత సేపు ఎందుకు పడుతుంది? టీవీలో ఏదైనా వచ్చిందా అని అడగాలి, అడిగే ధైర్యం లేదు. ఆయన టీవీ పెట్టలేదని పైనుంచి చప్పుడు రాకపోవడం వల్ల తెలుస్తోంది. ఎందుకు పెట్టలేదు? ఆయన కూడా భయపడుతున్నాడా?

రెండు దాటాక ఆయన చెప్పులు లేకుండా మెట్లు దిగి వచ్చాడు. ఫోన్ ముందుకు చాపాడు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఆయన స్పీకర్ నొక్కి తీగ చుట్ల మధ్య బల్ల మీద పెట్టాడు.

"చిన్నమ్మా," అంది పిల్ల. గాలి చప్పుడు, దూరంగా ఎవరో అరుచుకుంటున్న చప్పుడు. "మొదటి రోజే ఇన్‌స్ట్రక్టరుకు అన్నీ చెప్పేసినా. నొక్కు, వదులు, పట్టు, ఇస్త్రీపెట్టె, అన్నీ. నీ కాగితం కూడా చూపించినా. ఆయన నవ్వలా చిన్నమ్మా. రోజూ నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టుకోని కూచుంటా ఉన్నాడు. సిమ్యులేటర్‌లో రెండు తూర్లు మధ్యకు పోయింది. ఈ పొద్దు పోలేదు."

ఎక్కడ నోరు జారుతుందోనని పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"చిన్నమ్మా, ఉండావా? మాట్లాడు. నేల మీదనే ఉండా."

ఎన్ని రోజులైందో ఆ పిల్లతో మాట్లాడి. తిట్టాలనుకున్నవి, చెప్పాలనుకున్నవి, స్టేషన్‌లో మింగేసిన దీవెన, అన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. వచ్చింది ఒక్క మాటే, అది కూడా నా గొంతులా లేదు.

"చెయ్యి?"

"పెట్టిన చోటనే ఉండింది చిన్నమ్మా," అంది పిల్ల.

ఆయన మెషిన్ ఆపేశాడు. అది అంతసేపూ ఊరికే తిరుగుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.